పైకి తేలిన ముక్క

నేను ఒక ఎర్ర తాడును. కాశ్మీరు కొండల్లో సైనికులు నడుముకు కట్టుకునే తాడును. మంచు చరియ విరిగి మీద పడితే మనిషి లోపల కూరుకుపోతాడు. తేలికైన నా కొస పైన తేలుతుంది. నన్ను పట్టుకుని తవ్వుకుంటూ వెళ్తే మనిషి దొరుకుతాడు. ఇంత గొప్ప పనికి పుట్టినదాన్ని, మనుషులకు గుర్తుండాలి కదా!

మొదట నన్ను హవల్దారు పాపినాయుడు కట్టుకున్నాడు. తర్వాత తన జిల్లావాడే అయిన సిపాయి తవిటయ్యకు ఇచ్చాడు. సుఖంగానే ఉన్నాం. అంతలో బీకన్ వచ్చింది. అరచేతిలో ఇమిడే ఆ యంత్రం మంచు కింద నుంచి కూడా సంకేతం పంపుతుందట. ఇక చూడాలి దాని వైభోగం! అది తవిటయ్య గుండె మీద, నేను వెనకాల మంచులో. చలికి బ్యాటరీలు నీరసిస్తాయని, కాపలా పోస్టులో ఉన్నప్పుడు వాటిని తీసి చొక్కా లోపలి జేబులో వెచ్చగా దాచేవాడు. నేను కర్రలా బిగుసుకుపోయినా పలకరించిన పాపాన పోలేదు. కుళ్లుకున్నాను. కుళ్లుకోనా మరి?

మంచు తుఫాను వెలిసిన ఉదయం ఫెళ్లున ఎండ కాసింది. తవిటయ్య మురిసిపోయాడు.

"మన సిక్కోలు ఎండలాగుందన్నా! ఇంకేటి బయం? పొయ్యిలోకి చుక్క నేదు. కింద పోస్టుకెళ్లి కిరసనాయిలు తెచ్చేత్తాను."

"ఒరే, ఇక్కడ ఎండొత్తేనే బయంరా. పైనున్న మంచు వదులైపోద్ది. తాడు కట్టుకోకుండా కదలకు."

పాపినాయుడే నన్ను కట్టి, దూరంగా వెనకాలే నడిచాడు. తవిటయ్య సగం వాలు దాటేసరికి పైన మంచు విరిగింది. అతన్నీ నన్నూ కలిపి దొర్లించేసింది. అతను లోపల, నా కొస పైన.

పాపినాయుడు పరిగెత్తుకొచ్చి, తన బీకన్ మీట వెతుకులాటకు తిప్పాడు. తవిటయ్య బీకన్ సంకేతం అందితే అది కూత పెట్టాలి. కూత లేదు. ఎలా వస్తుంది? తవిటయ్య బ్యాటరీలు ఇంకా జేబులోనే ఉన్నాయి! "పలకవేటి!" అని యంత్రాన్ని తిడుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. నన్ను తొక్కుతూనే తిరుగుతున్నాడు. లోపల తవిటయ్య ఊపిరి తగ్గిపోతోంది. నాకా, నోరు లేదు. చివరికి నేను కాలికి తగులుకుంటే పాపినాయుడు బోర్లా పడ్డాడు. అప్పుడు చూశాడు నన్ను.

ఏడుస్తూ తవ్వాడు. నీలంగా మారిన ముఖం బయటపడింది. కాసేపటికి తవిటయ్య దగ్గి, కళ్లు తెరిచి, గుండె మీద చెయ్యేసుకున్నాడు.

"బీకనే కాపాడిందన్నా."

పాపినాయుడు అతని జేబులోంచి బ్యాటరీలు తీసి చూపించాడు.

"ఇవేటి? తాడురా నిన్ను బతికించింది, తాడు!"

నా జన్మకు ఆ మాట చాలనుకున్నాను. కానీ హెలికాప్టర్ వచ్చింది. మంచులో ఇరుక్కున్న నన్ను లాగే తీరిక లేక కత్తితో కోసేశారు. నడుముకున్న ముక్క తవిటయ్యతో ఆసుపత్రికి వెళ్లింది. దాన్ని ఎవరినీ పారెయ్యనివ్వలేదట, దిండు పక్కనే పెట్టుకున్నాడట.

పైకి తేలిందీ నేనే, తొక్కుడు తిన్నదీ నేనే. ఆ ముక్క లోపల అతని నడుము పట్టుకుని కూర్చుంది, అంతే! బీకన్ మీద కోపం ఎప్పుడో పోయింది. మిగిలిన నన్ను తర్వాత తవ్వి తెచ్చారు; పోస్టులో మేకుకు వేలాడుతూ, ఇప్పుడు రోజూ ఆ ముక్కను తలుచుకుని కుళ్లుకుంటున్నాను.