పాసైన పరీక్ష మళ్ళీ

ప్రమాణానికి ఎత్తిన కుడిచేతిని ఛాయాదేవి ఇంకా పూర్తిగా దించనేలేదు. అమెరికా పౌరసత్వ ఇంటర్వ్యూ చేసే ఆఫీసర్ టాబ్లెట్‌ను ముందుకు జరిపి, ముందు ఇంగ్లీషు చదివిస్తాను, రాయిస్తాను, తర్వాత చరిత్ర, ప్రభుత్వం మీద ఇరవై ప్రశ్నలు అడుగుతాను అంది.

ఏదో పొరపాటు జరిగిందనుకుంది ఛాయాదేవి. స్కూలు పిల్లలతో మాట్లాడే ఇంగ్లీషులోనే, నెమ్మదిగా, ఆ పరీక్ష తను ఎప్పుడో పాసయ్యానని చెప్పింది. ఇదే బిల్డింగ్‌లో. రెండేళ్ళు కూడా నిండలేదు.

ఆఫీసర్ యాభై దాటిన మనిషి. విసుక్కోలేదు. పాసైన మాట నిజమే, కానీ అది ఆ పాత దరఖాస్తుకు సంబంధించిన పాసు అంది. ఆ దరఖాస్తును తిరస్కరించినప్పుడే దానితో పాటు పాసు కూడా పోయింది. కొత్త దరఖాస్తుకు కొత్త పరీక్ష. పైగా ప్రశ్నలు కూడా మారాయి. ఇవాళ తప్పితే ఇంకొక్క అవకాశం ఉంటుంది, రెండు మూడు నెలల్లో పిలుస్తారు.

రెండు మూడు నెలలు. ఛాయాదేవికి ఆ తర్వాత ఆఫీసర్ చెప్పిందేదీ కాసేపు వినబడలేదు.

వచ్చే వారం కూతురు దేదీప్యకు పద్దెనిమిది నిండుతాయి. ఈలోపు తల్లి పౌరురాలైతే, గ్రీన్‌కార్డు మీద తల్లి దగ్గరే ఉంటున్న కూతురు వేరే దరఖాస్తూ పరీక్షా లేకుండా ఆ క్షణంలోనే పౌరురాలవుతుంది. పద్దెనిమిది దాటాక అయితే తన దారి తను చూసుకోవాలి, తన వరసలో తను నిలబడాలి. దేదీప్యకు అంత టైము లేదు. నౌకాదళ అకాడమీలో సీటొచ్చింది. చేరే రోజుకు పౌరసత్వం ఉండాలన్నారు. లేకపోతే సీటు ఇంకొకరిది. నాలుగేళ్ళుగా తెల్లవారకముందే లేచి చన్నీళ్ళ కొలనులో ఈదిన పిల్ల అది. ఆ తడి జడ విప్పి తుడిచి, మళ్ళీ అల్లి పంపిన చేతులు తనవి.

ఆ చేతులిప్పుడు టేబుల్ కింద ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. మణికట్టు దగ్గర నుంచి మోచేతి దాకా ఓవెన్ ట్రేలు కాల్చిన మచ్చలు. నుదుటి మీద హెయిర్‌నెట్ ఒత్తిన గీత సెలవు రోజున కూడా పోదు. కమ్మింగ్ అనే ఊళ్ళో ఒక స్కూలు కెఫెటేరియాలో తొమ్మిదేళ్ళుగా ఆమె ఉద్యోగం. మిగతా రోజుల్లో ఈపాటికి పిజ్జా ముక్కలు ట్రేలకెక్కిస్తూ, పాలు వద్దనే పిల్లలకు పాలు అంటగడుతూ ఉండేది. పాత వంద ప్రశ్నలనూ గిన్నెలు కడిగే మిషన్ పక్కనే నేర్చుకుంది. మిషన్ హోరులో పైకి చదువుకున్నా ఎవరికీ వినపడదు కాబట్టి.

మళ్ళీ చదువుదామా అని ఈ మధ్య అనుకోకపోలేదు. అపార్ట్‌మెంట్లలో ఎవరినడిగినా ఒకటే మాట. టోఫెల్ స్కోరు రెండేళ్ళుంటుంది కదండీ, ఇదీ అంతే. అక్కడ ప్రతి ఇంట్లోనూ ఒకరైనా టోఫెల్ రాసి వచ్చినవాళ్ళే. ఈ దేశంలో పరీక్ష అంటే వాళ్ళకు తెలిసిన కొలత అదొక్కటే. భర్త కూడా అదే అన్నాడు. గుళ్ళో ప్రసాదాల దగ్గర నిలబడ్డ కుర్రాడు కూడా గూగుల్ చేయకుండానే తల ఊపాడు. అంతమంది ఒకటే చెబితే నిజమే అయుంటుందని నమ్మింది.

ఆఫీసర్ స్క్రీన్ మీద ఏదో చదువుతూ ఆగింది. మామూలుగానే అడిగింది. పోయినసారి పాసయ్యాక పౌరసత్వ ప్రమాణ కార్యక్రమానికి రెండుసార్లు పిలిచాం, రెండుసార్లూ రాలేదు, ఎందుకని?

ఇది ఛాయాదేవికి తెలిసిన ప్రశ్నే. మొదటిసారి అమలాపురంలో భర్త చిన్నాన్న పోయాడు. పదకొండు రోజుల మైల. మైలలో ప్రమాణం ఏమిటని తనూ అంది, అబద్ధమెందుకు. రెండోసారి అమావాస్య పడింది. దగ్గర్లోనే అల్ఫారెట్టాలో ఉన్న బావగారు భీమశంకరం ఫోన్లో వినగానే వద్దన్నాడు. రెండుసార్లూ తేదీ మార్చమని ఆఫీసుకు రాశామని, ఆ ఉత్తరాలు దారిలో పోయి ఉంటాయని ఆమె చెప్పింది.

ఆఫీసర్ ఇంకాస్త కిందికి జరిపి చూసింది. మళ్ళీ పైకి వచ్చింది. అలాంటిదేమీ అందలేదంది. తర్వాత ఇంకో మాట అంది. మొదటిసారి గైరుహాజరయ్యాక ఇక్కడినుంచి ఇంటికి ఫోన్ చేశారు. ఇంటాయన ఎత్తి, ఆమెకు ఇప్పుడు ఉద్దేశం లేదని చెప్పాడు. అలా రాసి ఉంది. అయినా నియమం ప్రకారం ఇంకోసారి పిలిచారు.



ఇంటాయన. తేదీ మార్పించే పని నాకొదిలెయ్యి అన్న మనిషి. దరఖాస్తు పోయిందని తెలిసిన రోజు, "మా అన్నయ్య అమావాస్యలు మన కొంప ముంచాయి" అని పళ్ళు నూరిన మనిషి. రెండు దీపావళులకు బావగారి గడప తొక్కకుండా ఆమెను ఆపిన మనిషి. ఇప్పుడు కింద పార్కింగ్‌లో, కారులో కూర్చుని ఆమె కోసం ఎదురు చూస్తున్నాడు.

మొదలుపెడదామా అని అడిగింది ఆఫీసర్.

ముందొచ్చింది ఏడుపో, కోపమో ఛాయాదేవికి తెలియలేదు. ఏదైనా సరే, దానికిది సమయం కాదు. మింగేసింది.

"యెస్ మేడమ్," అంది.

చదవమన్నది చదివింది, రాయమన్నది రాసింది. తర్వాత ప్రశ్నలు. పన్నెండు ఒప్పులైతే పాసు. తొమ్మిది తప్పులైతే అక్కడితో ఆపేస్తారు. లెక్క ఆమే పెట్టుకుంది, చిన్నప్పుడు నాయనమ్మ నేర్పినట్టు వేళ్ళ కణుపుల మీద. కుడిచేతి నాలుగు వేళ్ళకు పన్నెండు కణుపులు. అవి ఒప్పులకు. ఎడమచేతి మూడు వేళ్ళకు తొమ్మిది. అవి తప్పులకు. బొటనవేళ్ళు టేబుల్ కింద కదలడానికి సిద్ధమయ్యాయి.

మొదట్లో పాత ప్రశ్నలే వచ్చాయి. కుడి బొటనవేలు చకచకా మూడు కణుపులు దిగింది. ఆ వెంటనే ఎన్నడూ విననిది ఒకటి. ఎడమ బొటనవేలు కదిలింది. మళ్ళీ ఒకటి. ఏదో రాజ్యాంగ సవరణ, దాని సంగతేమిటట. తెలియదు. ఊహించి చెబితే అదీ తప్పే. గిన్నెల మిషన్ పక్కన నిలబడి గోడకు అప్పజెప్పిన రోజులను ఒక్కొక్కటిగా వెనక్కి లాక్కుంది. సెనేటర్ పదవి ఆరేళ్ళు. పతాకంలో పదమూడు చారలు. స్కూలు హాలు గోడకు ఐదో తరగతి పిల్లలు అంటించిన అట్టబొమ్మల్లో చూసింది ఒకటి పనికొచ్చింది. తప్పు వెంట తప్పు కూడా పడుతూనే ఉంది. ఎడమచేతి చూపుడువేలు అయిపోయింది. నడిమివేలు అయిపోయింది. ఉంగరపువేలి మీద రెండో కణుపు దగ్గర ఆగింది బొటనవేలు. కుడిచేతికి చిటికెనవేలి చివరి కణుపు ఒక్కటే మిగిలింది.

ఇరవయ్యో ప్రశ్న.

గల్ఫ్ యుద్ధంలోకి అమెరికా ఎందుకు దిగింది?

పాత పుస్తకంలో ఇది లేదు. ఛాయాదేవి కళ్ళు మూసుకుంది. పుస్తకం రాలేదు, కాంతం పిన్ని వచ్చింది. కువైట్‌లో ఒక షేకు ఇంట్లో పిల్లల్ని ఆడించే కాంతం పిన్ని. రెండేళ్ళకోసారి సెంటు వాసనేసే పెట్టెలతో దిగే మనిషి, ఆ ఏడు మాత్రం కాళ్ళకు వేరువేరు చెప్పులతో బస్సు దిగింది. ఇరాక్ సైన్యం ఊళ్ళోకి వచ్చేసిందే, ఇళ్ళల్లో దూరారే అని వీధరుగు మీద కూలబడి చెప్పింది. తర్వాత ఎన్నో నెలలు వీధి మొత్తం రేడియో చుట్టూ కూర్చుని, వాళ్ళు ఎప్పుడు వెళ్ళిపోతారా అని విన్నది.

"ఇరాక్ ఆర్మీ కేమ్ ఇన్‌టు కువైట్," అంది కళ్ళు తెరిచి. "టు పుష్ దెమ్ అవుట్."

ఆఫీసర్ కలం కింద పెట్టింది. పాసయ్యారంది. మిగతా వివరాలన్నీ సరిచూశాక, మధ్యాహ్నం కిందిహాల్లో ప్రమాణముంది, ఉండగలరా అని అడిగింది. ఆ రోజు తిథి ఏమిటో ఛాయాదేవికి తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. ఉంటానంది. ఇంకా ఆలస్యమవుతుందని మాత్రం భర్తకు మెసేజ్ పెట్టింది.

హాల్లో నానాదేశాల వాళ్ళ మధ్య నిలబడి, మళ్ళీ కుడిచేయెత్తి, ఒక్క మాట కూడా మింగకుండా పలికింది. గ్రీన్‌కార్డు తీసుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టారు.

బయట ఎండ. భర్త కారుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. వ్యాన్‌లో సరుకు చేరవేసే పని ఆయనది. ఇవాళ ఆ పని మానుకుని వచ్చాడు. కారు పైకప్పు మీద రెండు కాఫీ కప్పులున్నాయి. ఆమె చేతిలోది చూసి ఆయన ముఖం విప్పారింది, మళ్ళీ అంతలోనే ఎటో చూశాడు.

"ఇవాళే ఇచ్చేశారా? మంచిదే. చెప్పాను కదా, ఆ పాసు పనిచేస్తుందని."

"పనిచేయలేదండి. మళ్ళీ రాశాను."

ఆయన కారు తలుపు తీయబోయాడు. ఆమె కారుకు ఇటువైపే నిలబడింది.

"ఆ రెండుసార్లూ ఆఫీస్‌కి రాశానన్నారు."

"రాశాను. పోస్ట్‌లో పోయుంటుంది."

"ఫోన్ కూడా పోస్ట్‌లోనే పోయిందా?"

ఆయన తాళంచెవిని ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చాడు. తోసుకుంటూ వచ్చిన ఒక కుటుంబం ఫొటోలు తీసుకుంటూ వాళ్ళ పక్కనుంచి వెళ్ళేదాకా ఆగాడు.

"ఇద్దరం కలిసి అప్లై చేశాం. నేను ఫెయిలయ్యాను. గుళ్ళో అందరూ నీకు కంగ్రాట్స్ చెబుతుంటే పక్కన నిలబడ్డాను." మెల్లగా అన్నాడు. "ఒకసారి ఆగితే నేనూ పాసవుతాను, కలిసే వెళ్దామనుకున్నాను. అంతే."

"మీరు మళ్ళీ అప్లై చేయలేదు కదండీ."

"భయమేసింది."

ఆమెకు జాలి వేయకపోలేదు. ఇరవై ఏళ్ళ కాపురం, ఆ ముఖంలో భయం ఎలా ఉంటుందో తెలుసు. కానీ ఆ భయం కింద నలిగింది తనొక్కతే అయితే వేరు సంగతి. పిల్ల సీటు కూడా వచ్చే వారంతో పోయేది. అది తెలిసీ, ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో అన్నం తింటూ, నోరు విప్పలేదు.

అప్పుడు ఫోన్ మోగింది. దేదీప్య. స్పీకర్‌లో పెట్టింది.

"అమ్మా, ఏమైంది? లంచ్ నుంచి చూస్తున్నాను, మెసేజే లేదు."

"అయిపోయింది తల్లీ. నాకూ, నీకూ."

అటువైపు నవ్వూ ఏడుపూ కలిసిన గొంతు. "నాకు కూడానా? ఇప్పుడే? నేను లాకర్ దగ్గర నిలబడి ఉన్నానమ్మా, ఇక్కడే సిటిజెన్ అయిపోయానా?"

"అక్కడే అయిపోయావు."

"పెదనాన్నకి కాల్ చేసి చెప్తా ఉండు. హిస్ అమావాస్య ఈసారి ఓడిపోయిందని."

"మీ పెదనాన్నని ఏమీ అనకు." ఛాయాదేవి గొంతు స్థిరంగా ఉంది. "ఆయన వద్దన్నాడు, నిజమే. డేట్ మార్చుకోండి అని కూడా అన్నాడు. తప్పు ఆయనది కాదు."

"మరెవరిదమ్మా?"

ఛాయాదేవి భర్త వైపు చూసింది. పెళ్ళైన దగ్గర్నుంచి ఏవండీ అనో, దేదీప్య పుట్టాక మీ నాన్న అనో తప్ప ఆ మనిషిని ఇంకో విధంగా పిలిచింది లేదు. పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని అమ్మ చెప్పింది. బ్యాంకులో అడిగినా, ఆసుపత్రిలో అడిగినా కాగితం మీద వేలు పెట్టి చూపించేది.

"దివాకర్," అంది.

ఆయన తలెత్తలేదు. తాళంచెవిని కారు బానెట్ మీద, ఆమెకు అందేలా పెట్టాడు. బస్సులో వస్తానన్నాడో ఏమో, సరిగా వినబడలేదు. చెట్ల నీడ దాటి, రోడ్డు దాటి నడిచి వెళ్ళిపోయాడు.

కారు పైకప్పు మీద, మూత తీయని కప్పు ఒకటి అలాగే ఉంది, దాని పక్కన ఆమె వేసుకునే లెక్క ప్రకారం మూడు చక్కెర పొట్లాలు.