గుమ్మం దగ్గర వాసన

తడి బట్ట మీద వేడి ఇస్త్రీపెట్టె పడినప్పటి వాసన...

ఇస్త్రీ షాపు మూసి వచ్చే మా ఆయన వీధి మలుపు తిరగకముందే నన్ను చేరుతుంది. పద్నాలుగేళ్లుగా అదే వాసన. నాకిష్టమైన వాసన.

ఈ ఏడాది మాత్రం దాని కింద ఇంకో వాసన కోసం వెతికాను.

ఆయన స్కాన్ రిపోర్టులో జబ్బు పేరు — మద్యంతో సంబంధం లేని కొవ్వు కాలేయం.

సంబంధం లేదట.

లేకపోతే ఆ మాట ఎత్తడం దేనికి? దొంగతనం చేయనివాడి మెడలో ‘దొంగ కాదు’ అని పలక కడతారా?

మా నాన్న కాలేయం చెడిపోయే పోయాడు. తాగి. సాయంత్రాలు యాలక్కాయ నములుతూ, నవ్వుతూ వచ్చేవాడు. “ముట్టలేదే తల్లీ” అనేవాడు.

అందుకే మా ఆయన్ని రోజూ గుమ్మం దగ్గరే ఆపేదాన్ని.

ఆయన చెప్పులు విప్పి, వంగి, నోరు తెరిచేవారు.

“ట్రాఫిక్ పోలీసులు నయమే అక్కా! బావని ఇక లోపలికి రానీ” అనేవాడు తమ్ముడు.

ఆయన నవ్వేవారు కాదు. కోప్పడేవారూ కాదు.

నాన్న కూడా కోప్పడేవాడు కాదు — అదే నా భయం.

ఈ రోజు పొద్దున ఆస్పత్రిలో కొత్త డాక్టరమ్మ ఆ పేరు మీద అడ్డంగా గీత కొట్టింది.

“పేరు మార్చేశారమ్మా. లేనిదాన్ని పట్టుకుని పేరేమిటి? ఉన్నదాంతో పెట్టారు. షుగరుంది, నడుం చుట్టూ కొవ్వుంది. తిన్నదాన్ని ఒళ్లు సరిగ్గా వాడుకోలేకపోతోంది. అందువల్ల వచ్చిన కాలేయ జబ్బు.”

“మరి... తాగుడు?”

డాక్టరమ్మ ఆయన వైపు చూసింది. “ఏం తాగుతారండీ?”

“టీ” అన్నారాయన, తల దించుకుని. “షాపులో రోజుకి తొమ్మిది. మూడేసి చెంచాల పంచదారతో.”

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

పేరు మారితే జబ్బు తగ్గదు. నడవాలి. బరువు తగ్గాలి. ఆరు నెలలకి మళ్లీ స్కాన్. తెలుసు.

అయినా, గుండె మీది బండ ఎవరో దించేసినట్టు...

సాయంత్రం. వీధి మలుపు. ముందు వాసన వచ్చింది, తర్వాత ఆయన.

చెప్పులు విప్పారు. అలవాటుగా వంగారు. నోరు తెరిచారు.

“వద్దండీ” అన్నాను.

“చూడవే. ఇవాళ రెండే. పంచదార లేకుండా.”

ఆయన భుజానికి మొహం ఆనించాను. గుండెల నిండా పీల్చాను.

తడి బట్ట. వేడి ఇనుము.

దాని కింద...

ఇంకా వెతుకుతున్నానో లేదో — ఆయన అడగలేదు.