ఆపడానికి చేయగలిగిందంతా

డిపోలో అందరూ ఆమెను డ్రైవరమ్మ అనే పిలిచేవారు. అక్కడ స్టీరింగు ముందు కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమే కావడంతో ఆ పేరు ఆమెకే స్థిరపడిపోయింది. ఆమె నడిపే బస్సులో నిలబడ్డవాళ్లు కడ్డీ పట్టుకోనక్కర్లేదని ప్రయాణికులు చెప్పుకునేవారు. గొప్పలు పోయే మనిషి కాదు గానీ, ఆ మాట చెవిన పడితే మాత్రం కాదనేది కాదు.

ఆమె చెల్లెలు బట్టలు కుట్టేది. భర్త ఎప్పుడో దారి చూసుకుని వెళ్లిపోతే కూతుర్ని వెంటబెట్టుకుని అక్క దగ్గరికి వచ్చి, మేడ మీది గదిలో ఉండిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం కుట్టిన బట్టలు ఇచ్చి వస్తూ, పోస్టాఫీసు వీధి వాలు ముగిసేచోట తెల్లచారల మీద రోడ్డు దాటుతుండగా ఒక సైకిలు వచ్చి గుద్దింది. సైకిలు దెబ్బకి మనిషి పోతుందా అని తర్వాత చాలామంది అడిగారు. గుద్దిన దెబ్బ చిన్నదే. పడ్డప్పుడు తల కాలిబాట అంచుకు తగిలింది. స్పృహ రాకుండానే ఆస్పత్రిలో పోయింది.

సైకిలు తొక్కింది ఆస్పత్రుల నుంచి ల్యాబుకు రక్తం నమూనాలు చేరవేసే యువకుడు. బక్కపల్చగా ఉండి, రద్దీలో సందు దొరికితే చాలు ఎగిరినట్టు పోతాడని తోటివాళ్లు పిట్ట అని పేరు పెట్టారు. అతని సైకిలుకు బ్రేకులు లేవు. అలాంటి సైకిళ్లలో పెడళ్లు వెనక చక్రానికి బిగుసుకుని ఉంటాయి. చక్రం తిరుగుతున్నంతసేపూ కాళ్లు తిరగాల్సిందే, కాళ్లతో అడ్డుకుంటేనే చక్రం ఆగుతుంది. కోర్టులో పిట్ట ఒకే ఒక్క మాట అన్నాడు.

"ఆపడానికి నేను చేయగలిగిందంతా చేశానండీ."

"బ్రేకే లేని సైకిలుకి నువ్వు చేసేదేముంటుందయ్యా?" అన్నాడు అవతలి లాయరు. పిట్ట తల దించుకున్నాడు. శిక్ష పడింది. కొన్ని నెలలు లోపలుండి బయటికొచ్చాడు.

ఆ రోజు కోర్టులో చెల్లెలి కూతురు కూడా ఉంది. కాలేజీలో అప్పుడే చేరిన పిల్ల. తల్లి పోయినప్పుడు ఏడ్చింది, తర్వాత ఏడవడం మానేసింది, ఆ తర్వాత మాట్లాడటమే తగ్గించేసింది. ఇంట్లో ఇద్దరే ఆడవాళ్లు మిగిలి, ఎదురెదురుగా కూర్చుని కంచాల్లోకి చూస్తూ తినేవారు. పోయినావిడ మాట ఎవరూ ఎత్తేవారు కాదు.

ఒకరోజు పొద్దున అంట్లు తోముతూ ఆ పిల్ల ఉన్నట్టుండి అడిగింది.

"పెద్దమ్మా, అతను చెప్పింది నిజమేనా?"

"ఎవరే? ఏం చెప్పింది?"

"ఆపడానికి అంతా చేశానన్నాడే. నిజంగా ఆపబోయాడా? లేకపోతే అమ్మే తప్పుకుంటుందిలే అని వచ్చేశాడా?"

"మీదికొస్తే ఎవడైనా అలాగే అంటాడు. వదిలెయ్యి."

పిల్ల వదిలేసింది. డ్రైవరమ్మే వదల్లేకపోయింది. ఇన్నేళ్ల రోడ్డు మీది బతుకులో ఆమెకు తెలిసిందొకటుంది. ఎదురుగా మనిషి అడ్డం వస్తే కొందరు బ్రేకు తొక్కుతారు, కొందరు హారన్ కొడతారు. ఇద్దరూ తర్వాత చెప్పేది ఒకటే మాట. ఈ పిట్ట ఏ రకం? లాయరుకి తెలియదు, జడ్జికి తెలియదు. ఆ సైకిలు ఎలా ఆగుతుందో తెలిస్తే తప్ప తనకూ తెలియదు.

పిట్ట ఊరి చివర ఒక సైకిలు షాపులో పనికి కుదిరాడని విని వెతుక్కుంటూ వెళ్లింది. అతను నేల మీద కూర్చుని ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్నాడు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. ట్యూబు చేతిలోంచి జారిపోయింది.

"తిట్టడానికొచ్చారా అమ్మా? తిట్టండి. పడతాను."

"తిట్టడానికైతే రెండు బస్సులు మారి రాను. ఆ సైకిలు ఆపడం నాకు నేర్పు."

అతనికి అర్థం కాలేదు. మనిషికి మతి చలించిందేమోనని భయపడ్డట్టున్నాడు, షాపు యజమాని వైపు చూశాడు.

"నాకు పిచ్చేమీ పట్టలేదు," అంది డ్రైవరమ్మ. "నువ్వు చేశానన్నదేమిటో నా కాళ్లకి తెలియాలి. చెవులతో వింటే సరిపోవడం లేదు."

పిట్ట వంగి, జారిపోయిన ట్యూబు తీసి పక్కన పెట్టాడు. తర్వాత, "ఎక్కడ నేర్చుకుంటారు?" అని మాత్రం అడిగాడు.

డిపో వెనకాల బస్సులు కడిగే సిమెంటు చప్టా ఉంది. పొద్దుటి బస్సులన్నీ వెళ్లిపోయాక అది ఖాళీగా ఉంటుంది. ఆమెకు మధ్యాహ్నం డ్యూటీ. షాపులో అడిగి అలాంటి సైకిలే ఒకటి తెచ్చాడు పిట్ట. ముందు చక్రానికి కొత్త బ్రేకు బిగించి ఉంది.

"ఇదెందుకు? దీనికి ఉండదుగా?"

"ఇది లేకుండా ఇంకెవర్నీ ఎక్కనివ్వనమ్మా. పాఠం కాళ్లతోనే నేర్చుకోండి. ప్రాణం మీదికొస్తే చెయ్యి వాడండి."

అతను మాత్రం ఎక్కలేదు. పక్కన నడుస్తూనే చెప్పాడు. మొదటిరోజు ఆమె ఒక్క క్షణం అలవాటుగా కాళ్లకు విశ్రాంతి ఇచ్చింది. పెడల్ అడుగునుంచి పైకొచ్చి, తాడు తెంపుకున్న గిత్తలా ఆమెను ఎత్తి అవతల పడేసింది. మోచెయ్యి దోక్కుపోయింది. డిపో వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి లేవదీశాడు.

"ఈ వయసులో ఇదేం సర్కస్ తల్లీ? రిటైరయ్యాక డేరా వేద్దామనా?"

"వేస్తే టిక్కెట్లు నువ్వే చింపాలి," అని నవ్వింది డ్రైవరమ్మ. చెల్లెలు పోయాక అదే మొదటి నవ్వు. అది గుర్తొచ్చి చటుక్కున ఆపేసింది.

మెల్లగా పట్టు దొరికింది. వేగం తగ్గించాలంటే పైకొచ్చే పెడల్‌ని కాలితో అణచాలి. ఒక్కసారిగా ఆపాలని చూస్తే అది వినదు. "బతిమాలండి, బెదిరించకండి," అనేవాడు పిట్ట. "ప్రతి చుట్టుకీ కొంచెం కొంచెం బరువు వెయ్యండి. అదే దారికొస్తుంది." పాదాలను పెడళ్లకు కట్టే పట్టీలుంటాయి. ఒక కాలితో అణుస్తూ, పట్టీలో ఉన్న రెండో కాలితో పైకి లాగితే బలం రెట్టింపవుతుంది. మొదటి వారం ఆమె తొడలు రాళ్లయిపోయాయి. ఇంట్లో మెట్లు చేతులతో గోడ పట్టుకుని ఎక్కింది. ఏమైందని పిల్ల అడిగితే, "బస్సు క్లచ్ గట్టిగా ఉందే," అంది.

ఒకనాడు ఆమె బాగా ఆపేసరికి పిట్ట సంతోషం పట్టలేక, "అదీ అక్కా! అలాగే!" అన్నాడు.

ఆమె సైకిలు దిగి నిలబడింది.

"ఆ పిలుపు వద్దు. అలా పిలిచే మనిషి ఒక్కతే ఉండేది."

అతని ముఖం తెల్లబోయింది. ఆ రోజుకి పాఠం అక్కడితో ఆగిపోయింది. మర్నాడు మళ్లీ ఇద్దరూ వచ్చారు.

ఆ తర్వాత స్కిడ్ నేర్పాడు. ఉన్నట్టుండి ఆపాల్సి వచ్చినప్పుడు చేసేది అదే. సీటు మీంచి లేచి, బరువంతా హ్యాండిల్ మీదికి ఒరిగించి, రెండు కాళ్లూ కదలకుండా బిగబట్టాలి. అప్పుడు వెనక చక్రం తిరగడం మానేసి రోడ్డు మీద కీచుమంటూ ఈడ్చుకుపోతుంది.

"ముందుకెందుకు ఒరగాలి?" అని అడిగింది.

"వెనక బరువుంటే చక్రం మన కాళ్లకి లొంగదమ్మా. తేలికైతేనే బిగుస్తుంది."

"తేలికైన చక్రం రోడ్డునేం పట్టుకుంటుంది?"

పిట్ట ఆమె వైపు చూడకుండా చెప్పాడు. "పట్టుకోదు. చక్రం ఆగుతుంది. సైకిలు అంత త్వరగా ఆగదు."

తడి రోడ్డు మీద బస్సు జారడం ఆమెకు తెలుసు. చక్రం ఆగడం వేరు, బండి ఆగడం వేరు. ఆ పూటంతా ఆమె స్కిడ్ మీద స్కిడ్ చేస్తూ, టైరు రబ్బరు వాసన చప్టా అంతా కమ్ముకునేదాకా తొక్కింది.

మరోరోజు నీళ్లు తాగుతూ అడిగింది. "బ్రేకు ఎందుకు పీకేశావు?"

"అందరూ పీకేశారమ్మా. బ్రేకున్నవాణ్ణి చూసి చేతకానివాడని నవ్వేవాళ్లు."

"నవ్వినవాళ్లలో ఎవరైనా కోర్టుకొచ్చారా?"

"ఒక్కడూ రాలేదు."

ఒక సెలవురోజు, ఇంకా దుకాణాలు తెరవకముందే, ఇద్దరూ పోస్టాఫీసు వీధికి వెళ్లారు.  శిక్ష పడ్డాక పిట్ట ఆ వీధిలో అడుగు పెట్టలేదు. వాలు మీద సగం దూరం దిగి, చెప్పుల దుకాణం ముందు ఆగాడు.

"ఇక్కడే చూశానమ్మా ఆవిణ్ణి. ఇక్కడే కాళ్లు బిగించాను."

ఆమె అక్కడ సుద్దతో ఒక గీత గీసింది. తర్వాత సైకిలు నడిపించుకుంటూ పైకి వెళ్లింది. అతను ఆ రోజు ఎంత వేగంతో వచ్చానన్నాడో అంత వేగంతో దిగింది. సుద్దగీత దాటుతూనే ముందుకు ఒరిగి కాళ్లు బిగించింది. టైరు కీచుమని అరిచింది. మోకాళ్లు విరిగిపోతాయేమో అన్నంత బలంతో పట్టింది. అయినా రోడ్డు ఆమె కింద నుంచి పోతూనే ఉంది. మనుషులు దాటే తెల్లచారలు వచ్చాయి, వెళ్లిపోయాయి. వాటికి చాలా అవతల ఆగింది.

మళ్లీ పైకి వెళ్లింది. మళ్లీ దిగింది. మళ్లీ చారలు దాటే ఆగింది. ఒంట్లో ఉన్న సత్తువంతా కాళ్లలోకి తెచ్చుకున్నా అంతే. వెనక్కి తిరిగి చూస్తే, పిట్ట కాలిబాట మీద కూలబడి రెండు చేతులతో చెవులు మూసుకుని ఉన్నాడు.

ఈసారి దిగేటప్పుడు గీత దగ్గర చేత్తో బ్రేకు పట్టుకుంది, కాళ్లూ బిగించింది. సైకిలు ఒక్క కుదుపు కుదిపి, చారలకు ఇవతలే ఆగిపోయింది.

ఆమె రెండు కాళ్లూ నేల మీద ఆనించి అలాగే నిలబడింది. తను ఆగిన చోటికీ తెల్లచారలకీ మధ్య ఒక మంచం వేసేంత జాగా ఖాళీగా ఉంది. ఆ జాగాలో చెల్లెలు సంచి భుజాన సర్దుకుంటూ, సైకిలు వాణ్ణి నాలుగు తిట్టి, ఇంటికి నడిచి వచ్చేది. సాయంత్రం అన్నం తింటూ ఆ సంగతి ఊదరగొట్టి చెప్పేది. డ్రైవరమ్మ హ్యాండిల్ మీద తల పెట్టుకుని ఏడ్చింది. కోర్టులోనూ, శ్మశానంలోనూ రాని ఏడుపు అది.

పిట్ట దగ్గరికి వచ్చి కొంచెం దూరంలో ఆగాడు.

"నువ్వు అబద్ధం చెప్పలేదు," అంది ఆమె, ముఖం తుడుచుకుని. "రోడ్డు మీదికొచ్చాక చేయగలిగిందంతా చేశావు. నా కాళ్లకి తెలిసింది. కానీ నువ్వు ఆపాల్సింది ఇక్కడ కాదు. ఇంటి దగ్గర స్పానర్ పట్టుకుని బ్రేకు పీకిన రోజునే ఆపాల్సింది."

"అవునమ్మా."

ఇంకేమైనా అంటాడేమోనని చూసింది. తోటివాళ్ల మీద గానీ, ల్యాబు తొందర మీద గానీ అతను నెపం వెయ్యలేదు.

"క్షమించమని అడిగే మొహం నాకు లేదు," అన్నాడు పిట్ట.

"అడక్కు. అది నేనిచ్చేది కాదు. ఇవ్వాల్సిన మనిషి ఇంట్లో ఉంది. దాన్ని నేను అడగను."

సైకిలు అతనికి అప్పగించి ఆమె నడిచి ఇంటికి వెళ్లింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ మళ్లీ కలుసుకోలేదు. పిట్ట తన పాత తోటివాళ్ల దగ్గరికి వెళ్లి, సైకిళ్లకు ఊరికే బ్రేకులు బిగిస్తానని వెంటపడుతున్నాడని మాత్రం కొన్నాళ్లకు వాచ్‌మన్ చెప్పాడు. కొందరు నవ్వారట. కొందరు బిగించుకున్నారట.

ఆ రోజు ఇంటికి చేరేసరికి పిల్ల పక్కబట్టలు దులుపుతోంది. డ్రైవరమ్మ ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, క్లచ్ మాట అబద్ధమని మొదలుపెట్టి, ఏదీ దాచకుండా చెప్పింది. సుద్దగీత సంగతి చెప్పింది, కాళ్లతో ఆపితే ఎక్కడ ఆగిందో, బ్రేకుతో ఎక్కడ ఆగిందో చెప్పింది. పిల్ల దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ వింది.

"ఆ చప్పుడు గట్టిగా వస్తుందా, పెద్దమ్మా?"

"వీధంతా వినబడుతుంది."

"అయితే అమ్మ వినే ఉంటుంది."

"వినే ఉంటుందమ్మా."

"తిరిగి చూసి ఉంటుంది. ఆపడానికి తంటాలు పడుతున్నాడని చూసి ఉంటుంది." ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "లెక్కచెయ్యకుండా తన మీదికి వచ్చేశాడని అనుకుంటూ పోలేదన్నమాట."

డ్రైవరమ్మకు ఆ కోణం తట్టనే లేదు. పిల్లను దగ్గరికి తీసుకుంది.

"నేను మాత్రం అతన్ని చూడను."

"చూడొద్దు."

"ఎప్పటికీ."

"సరేనే. నిన్నెవరూ చూడమనరు."

కాసేపటికి పిల్ల కళ్లు తుడుచుకుని లేచి, గిన్నెలో నూనె వేడిచేసి తెచ్చింది. వద్దంటున్నా వినకుండా పెద్దమ్మ కాళ్లు ఒళ్లో పెట్టుకుని తొడలకూ పిక్కలకూ మర్దనా చేసింది. మోకాలి దగ్గర నొక్కితే డ్రైవరమ్మ అబ్బా అని మూలిగింది.

"కదలకు! బొమ్మలా నిలబడమంటే నీకేం రోగం?" అంది పిల్ల, పెదవులు బిగించి, పళ్ల మధ్య నుంచి.

కొలతలు తీసేటప్పుడు గుండుసూదులు నోట్లో పెట్టుకుని చెల్లెలు అచ్చం ఆ మాటతోనే, అలాగే కసిరేది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఒకసారి మీ అమ్మ అలాగే కసిరి సూది మింగేశాననుకుని ఇల్లంతా గోల చేసింది, గుర్తుందా?" అంది డ్రైవరమ్మ.

"ఎక్కడ దొరికింది?"

"జడలో!"

పిల్ల నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపు తన్నుకొచ్చింది, మళ్లీ నవ్వింది. "ఇంకోటి చెప్పు పెద్దమ్మా," అంది చేతి నూనె తుడుచుకోకుండానే. ఆమె ఇంకోటి చెప్పింది.