బొట్టు పెట్టని కర్ర

శఠగోపం పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మద్రాసు మూర్ మార్కెట్లో పాత పుస్తకాల మధ్య దొరికిన ఇంగ్లీషు ఆటపుస్తకం ఒకటి తెచ్చి, తిరుపతిలో తన ఇంటి వసారాలో ఏడాదిగా స్నేహితులచేత ఆడిస్తున్నాడు. ఈ ఆటకు పటమూ పావులూ ఉండవు. శఠగోపం కథ చెబుతాడు, మిగతావాళ్లు అందులో వీరులు. దెబ్బ తగిలిందో లేదో తేల్చడానికి ఇరవై ముఖాల పాచిక కావాలంటుంది పుస్తకం. అది ఎక్కడా దొరక్క, ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు గీకిన చింతగింజల్ని చెంబులో వేసి, ఒకటి తీసేవాళ్లు.

పుస్తకం చాలదన్నట్టు శఠగోపం సొంత చట్టాలూ పెట్టాడు. ఎవరికి ఏ ఆయుధంలో సాధన ఉందో ఆయనే నిర్ణయిస్తాడు. సాధన లేకుండా కొడితే, తీసిన అంకెలోంచి నాలుగు కోత. రంగరాజుకు కత్తిసాధన, మునిరత్నానికి విలుసాధన. శఠగోపం చెల్లెలు వేదవల్లి ఎలిమెంటరీ స్కూలు టీచరు, ఆటలో ఊళ్లు తిరిగే వైద్యురాలు. ఆమెకు ఉన్నదల్లా ఒక కర్ర.

"నాకు కర్రసాధన ఇయ్యన్నా" అని ఆమె అడగని వారం లేదు.

"ఊతకర్ర ఆయుధమెట్లయితాది?" అని ఆయన తోసెయ్యని వారమూ లేదు. ఆ కర్రతోనే ఆమె తోడేళ్లను తరిమింది, దొంగల కాళ్లు విరగ్గొట్టింది. ప్రతి దెబ్బకూ నాలుగు కోత. తనను లెక్కలోకి తీసుకోవడం లేదని వేదవల్లికి లోలోపల మండిపోయేది.

మహర్నవమినాడు సెలవు గనక ఆటకు కూర్చున్నారు. ఇంట్లో సైకిలు, కుట్టుమిషను, కత్తిపీట బొట్లు పెట్టించుకుని పూజలో ఉన్నాయి. తరగడానికి కత్తిపీట లేక తల్లి వరదమ్మ ఆపూట పప్పుతోనే సరిపెట్టింది. బడిపుస్తకాలతో పాటు ఆటపుస్తకమూ సరస్వతి ముందుకు చేరింది. మర్నాటిదాకా దాన్ని ముట్టకూడదు.

"కథలో కూడా ఇయ్యాల ఆయుధపూజే" అన్నాడు శఠగోపం. "మండపంలో దిగినారు. రంగరాజు కత్తికి బొట్టు పెట్టినాడు. మునిరత్నం వింటికి పెట్టినాడు. రేపటిదాకా ముట్టుకోరాదు."

తన వంతు వస్తుందని వేదవల్లి చూసింది. రాలేదు. పేరు కూడా ఎత్తలేదు మహానుభావుడు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

"బందిపోట్లు వచ్చినారు. నాయకుడు వాకిట్లో నిలబడినాడు" అన్నాడు శఠగోపం ఉత్సాహంగా. ముగ్గుర్నీ చెరలో వేయించాలని ఆయన పన్నాగం. కర్ర లేనివాణ్ణి గొర్రె అయినా కరుస్తుందంటారు. రంగరాజూ మునిరత్నమూ తెల్లమొహం వేశారు.

"నా కర్రతో కొడతాను" అంది వేదవల్లి.

"అదీ ఆయుధమే. పూజలో ఉండాది."

"దానికి బొట్టు పెట్టించినావా?"

శఠగోపం నోరు తెరిచేలోగా లోపల్నించి వరదమ్మ అందుకుంది. "బొట్టు పెట్టంది పూజలో ఉండాదని ఎట్లంటావు నాయనా? పొద్దున చీపురుకు మరిచిపోయినాను, దాంతోనే కదా ఇల్లు ఊడ్చుకున్న్యాము."

తల్లి మాటకు ఎదురులేదు. నాయకుడికి దెబ్బ తగలాలంటే కనీసం పదిహేను రావాలి. వేదవల్లి చెంబులో చెయ్యి పెట్టి తీసింది. పదిహేడు.

"నాలుగు కోత పోతే పదమూడు. తగల్లేదు" అన్నాడు శఠగోపం. ఇక నాయకుడి వంతు. వైద్యురాలు ముందే సగం ప్రాణంతో ఉంది, ఒక్క వేటు చాలు.

"ఏడాదిగా ఆ కర్ర పట్టుకోనే ఉండాది కదప్పా" అన్నాడు రంగరాజు.

శఠగోపం ఆటపుస్తకం కోసం పూజగది వైపు చూశాడు. అది పూలకింద ఉంది. తడుముకుని, "సరే, ఈసారికి తగిలిందనుకుందాం" అన్నాడు.

"అనుకోవద్దన్నా" అంది వేదవల్లి. "సాధన ఉండాదా లేదా, అది చెప్పు. లేదంటే చచ్చిపోతాను, నిన్నేమీ అనను. ఉండాదంటే మాత్రం ఈ ఒక్క పూటకు కాదు."

శఠగోపం చెంబు పక్కకు జరిపాడు.

"ఉండాది."

"ఎప్పటి నుంచి?"

"నువ్వు కర్ర పట్టినప్పటి నుంచీ" అన్నాడు తల వంచుకుని.

వేదవల్లికి కళ్లు చెమర్చాయి. దాచుకోలేదు, కొంగుతో తుడుచుకుంది. పదిహేడో గింజను అన్న ముందు పెట్టింది.

"అయితే ఇప్పుడు చెప్పు. తగిలిందా?"

"తగిలింది" అన్నాడు శఠగోపం.