పచ్చి ఆకు మత్తు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పుకుని బతికే తెనాలి వాణ్ణి నేను. చైతన్యపురిలో రెబెక్క గారింటి పై వాటాలో అద్దెకుంటాం. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. రాష్ట్రం ఒక్కటిగా ఉండాలని నా వాదన. బంద్ అంటే నాకు సెలవు, సెలవంటే నాకు ఒళ్లుమంట.

అలాంటి ఓ బంద్ నాడు రెబెక్క గారబ్బాయి ప్రేమ్ కుమార్ మెట్లెక్కి వచ్చి మా గుమ్మంలో కూలబడ్డాడు.

"సార్, నా పనైపోయింది. సాయంత్రం ఎల్బీనగర్ల తెలంగాణ దీక్షా శిబిరంల మొదటిసారి మాట్లాడాలె. ధైర్యం కోసం భంగు తాగిన. తల తిరుగుతుంది. మైకు ముంగట పడిపోతే కాలేజీల మొఖమెట్ల చూపియ్యాలె?"

నాలుగు తిట్టి అడిగాను. "ఎలా చేశావు?"

"దోస్తు గంజాయాకు తెచ్చిండు. పచ్చిదే నూరి సల్లల కలిపిన."

"పాలల్లో మరిగించలేదా? నేతిలో వేయించలేదా?"

"చర్చికి పోయే ఇల్లు సార్ మాది, అదెట్ల చేస్తరో ఎవరికెరుక? పొయ్యి మీద పెడితే వాసనకు అమ్మ పట్టుకుంటది గద!"

నవ్వాపుకోలేకపోయాను. క్యాలెండర్ వెనక్కి తిప్పి బొమ్మ గీశాను.

"పచ్చి ఆకులో ఉండేది చాలావరకు ఓ యాసిడ్. దానికి కార్బాక్సిల్ గ్రూపు అతుక్కుని ఉన్నంతసేపూ మత్తెక్కదు. బాగా వేడి తగిలితే కార్బన్ డయాక్సైడ్ విడిపోతుంది. మిగిలేది టీహెచ్‌సీ. మత్తంతా దానిదే. నువ్వు తాగింది ఉత్త ఆకు పసరు."

"మరి తల తిరుగుడు?"

"భయం. పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?"

లేదన్నాడు. నా భార్య సింధూర పెసరట్లు వేసి పెట్టింది. తింటూ ఆ బొమ్మవంకే చూస్తూ "వేడి తగిలితేనే విడిపోతదన్నరు గద సార్?" అని మళ్లీ మళ్లీ అడిగాడు. వాడి శ్రద్ధకు ముచ్చటేసింది.

మనసాగక సాయంత్రం ఎల్బీనగర్ దాకా నడిచి, శిబిరంలో వెనకెక్కడో నిలబడ్డాను. ఆంధ్రావాడివి నీకేం పని అంటారేమోనని నాకూ బెరుకే.

మొదట ప్రేమ్ గొంతు వణికింది. తర్వాత పుంజుకుంది.

"అన్నలారా! వేడి తగలంది ఏదీ విడిపోదు. విడిపోతేనే లోపలి బలం బయటికొస్తది. నేనంటలేను, కెమిస్ట్రీ అంటుంది!"

ఈలలు, చప్పట్లు. నా పాఠం నా మెడకే చుట్టుకుంది. జారుకుందామనుకునేలోగా వాడు నావైపు చెయ్యి చూపించాడు.

"గీ ముచ్చట చెప్పింది మా చక్రపాణి సార్. తెనాలి సారు. రాష్ట్రం విడిపోయినా సార్‌ను మాత్రం మా ఇల్లు విడిచి పోనియ్యం!"

జనమంతా వెనక్కి తిరిగారు. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. కళ్లు చెమర్చాయి. నా వాదన నేనేం మార్చుకోలేదు. అయినా కూర్చుని, చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టాను.