మిగిలిన రెండొందల తొంభై నాలుగు

మా అమ్మాయి షాలిని మెడలో దొరికిన కేన్సర్ ఎనిమిది మిల్లీమీటర్లు. చిన్నదే అంది డాక్టర్ అనూరాధ. పెద్దవన్నీ ఒకప్పుడు చిన్నవే కదమ్మా అన్నాను.

థైరాయిడ్‌లో ఉన్నది అక్కడే ఊరుకోలేదు. గొంతు గొట్టం పక్కనున్న ఒక లింఫు గ్రంథికి పాకిందని సూది పరీక్షలో తేలింది. థైరాయిడ్ మొత్తం, గొట్టం చుట్టూ ఉన్న గ్రంథులు తీసేస్తారట. మెడ పక్కల స్కానింగులో ఏమీ కనిపించలేదు కాబట్టి అటు వెళ్ళరట.

"ఎలాగూ కోస్తన్నారు కదమ్మా. పక్కలు కూడా సుబ్బరంగా తీసీండి," అన్నాను.

"పక్క మెడలో భుజాన్ని లేపే నరం ఉంటుందమ్మా. జబ్బు లేని చోట కెలికితే చెయ్యి పైకి లేవకపోవచ్చు."

షాలిని గజపతినగరంలో లెక్కల టీచరు. "నాను బోర్డు మీద రాయాల," అంది.

"బతికుంటే బోర్డు కిందకి దింపుకోవచ్చు," అన్నాను.

విజయనగరం నుంచి ఇంటికొచ్చేదాకా బస్సులో నా భర్త సత్యం నా పక్కన కాకుండా షాలిని పక్కన కూర్చున్నాడు.

ఆపరేషన్‌కి పది రోజులుంది. ఆ మర్నాటి నుంచి షాలినికి జడ నేనే వేస్తానన్నాను. ఇరవై ఏడేళ్ళ పిల్ల. అయినా కూర్చుంది. దువ్వెన ఒక చేతిలో, రెండో చెయ్యి మెడ మీద.

"అమ్మా, జడ వెనకాల ఉంటాది. నీ సెయ్యి ముందుకెందుకొస్తంది?"

"చిక్కు పడింది."

నాలుగో రోజు కుడి దవడ కింద ఉండ తగిలింది. చింతపిక్క కంటే పెద్దది. వేలికి జారుతోంది. ఆ ఆదివారం చర్చిలో స్త్రీల సమాజానికి ప్రార్థన చెయ్యమని చెప్పాను. షాలిని ఎవరికీ చెప్పొద్దంది కాబట్టి పేరు చెప్పలేదు. లెక్కలు చెప్పే ఒక టీచరమ్మ అన్నాను. అందరూ నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు.

సోమవారం మళ్ళీ ముగ్గురం విజయనగరం వెళ్ళాం.

"మీ స్కానింగు తప్పమ్మా. పక్కకి కూడా పాకీసినాది. నా సేతికి తగిలినాది. కోసీండి."

డాక్టరమ్మ షాలిని దవడ కింద వేళ్ళు పెట్టి చూసింది. "ఎడమ పక్క కూడా ఉంది," అంది.

"రెండు పక్కలా! సూసినావా మావా, నానేటన్నాను?" అని సత్యం వైపు తిరిగాను.

"ఇప్పుడు మీ దవడ కింద చూసుకోండి."

చూసుకున్నాను. ఉంది. రెండు పక్కలా ఉంది.

"నాకూ వచ్చీసినాదా?"

ఆవిడ తన దవడ కూడా తడుముకుంది. "నాకూ ఉంది. ఉమ్మి ఊరే గ్రంథులమ్మా ఇవి. పుట్టిన ప్రతి మనిషికీ ఉంటాయి."

వెనక సత్యం నెమ్మదిగా తన మెడ తడుముకుంటున్నాడు.

షాలిని నవ్వలేదు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద ఎడమ చెయ్యి వేసుకుని కూర్చుంది. "దీనికోసం నా భుజం ఇచ్చీమంటావేటమ్మా?"

నా దవడ కింద ఇంకా ఉన్న చేతిని తీసేశాను.

"పక్కలు వద్దులెండి," అన్నాను డాక్టరమ్మతో. "ఈసారికి."

ఆపరేషన్ అయింది. వారం తర్వాత రిపోర్టు వచ్చింది. ఆరు గ్రంథులు తీశారు, రెండింటిలో జబ్బుంది.

"మెడలో మొత్తం ఎన్నుంటాయమ్మా?" అని అడిగాను.

"సుమారు మూడొందలు," అంది ఆవిడ. చెప్పకుండా ఉండాల్సిందని ఆవిడకి వెంటనే తెలిసినట్టుంది.

నేను ఎనిమిదో తరగతి వరకే చదివాను గానీ తీసివేత వచ్చు. "అయితే రెండొందల తొంభై నాలుగు లోపలే ఉన్నాయి."

"ఉండాలమ్మా. వాటి పని అవి చేసుకుంటాయి. మనం స్కానింగు తీసి చూసుకుంటూ ఉంటాం."

షాలిని మళ్ళీ స్కూలుకి వెళ్ళే రోజు ఉదయం నేను దువ్వెన పట్టుకుని నిలబడ్డాను.

"ఇలాగియ్యి," అంది.

అద్దం ముందు నిలబడి రెండు చేతులూ ఎత్తింది. మోచేతులు చెవుల దాకా లేచాయి. జడ మొదలు నుంచి చివరి దాకా తనే అల్లుకుంది. వంకరగా వచ్చింది.

"సూసినావు కదా?" అంది అద్దంలోంచి.

చూశాను. ఎడమ చేతి కంటే కుడి చెయ్యి కొంచెం ఆలస్యంగా లేచినట్టు అనిపించింది.

"ఏటమ్మా?"

"ఏటీ నేదు," అన్నాను. "బెల్లు కొట్టీస్తారు, ఎల్లు."