సగం దేవరకాడుకి మందు

మా దేవరకాడులోంచి ఎండుటాకు కూడా బయటికి తేకూడదు. లోపలికి ఏం తీసుకెళ్లకూడదో మాత్రం ఎవరూ చెప్పలేదు. బిద్దప్ప మావ ఆ సందులోనే దూరాడు, వీపుకి స్ప్రేయర్ తగిలించుకుని.

మావ ఆ దేవుడి అడవికి తక్క, అంటే పెద్ద. పండగకి లోపలున్న అయ్యప్ప ముందు వేసే ధూపం ఆ అడవిలోని చెట్టు బంకే అయ్యుండాలి. ఉన్నదే ఒక్క ధూపం చెట్టు, దాని మొదలంతా డొల్ల. ఏటా తొలకరికి దాని కింద నారుమడిలా మొలకలొస్తాయి, వాన వెలిసేలోపు కుళ్లి చస్తాయి.

"తల్లి పడిపోయేలోపు ఒక్క పిల్లయినా నిలబడాలి కదే దేచూ! నా హయాంలో ధూపం ఆగిపోతే ఊళ్లో తలెత్తుకోగలనా?"

కాఫీ తోటల వాళ్లం. ఆకు మీద మచ్చ కనిపిస్తే చాలు, మా చెయ్యి మైలుతుత్తం మీదకే పోతుంది. మావ దానికి సున్నం కలిపి నీలం నీళ్లు తయారుచేశాడు.

"సగానికే కొట్టు మావా," అన్నాను.

"ఏం, నీ సొమ్మేం పోయింది?"

"రెండో సగంతో పోల్చి చూడాలిగా. మా ఆఫీసులో మేం యాప్‌లో కొత్త బటన్ పెట్టినా ముందు సగం మందికే చూపిస్తాం."

"అందుకే అది సగం మందికే పనిచేస్తుంది!"

అయినా మధ్యలో తాడు కట్టనిచ్చాడు.

వానలు తగ్గాక, జలగలు పీక్కుంటూ వెళ్లాం. మందు కొట్టిన వైపు ధూపం మొలకలు కిక్కిరిసి ఉన్నాయి. మావ తల దువ్వుకుని మరీ ఫోటో తియ్యమన్నాడు.

నేను తాడుకి ఇవతల చతికిలబడ్డాను. ఇక్కడ ధూపం మొలక ఒక్కటీ మిగల్లేదు. కానీ నేల ఖాళీగానూ లేదు. అడవి జాజికాయ, దాల్చిన, పేరు తెలీని ఎర్రాకుది ఒకటి, ఇంకా ఏవేవో.

"మావా, నీ వైపు వేరే మొక్కేదైనా ఉందా?"

వంగి వెతికాడు. "చోటేదే?"

"మరి ఇక్కడి రోగం ధూపాన్నే తిని వీటినెందుకు వదిలేసింది?"

"దానికి ఆ రుచే మరిగిందేమో. మీ అత్తకి పందికూర లేందే ముద్ద దిగదు, అలాగ."

"అంటే ఆ రోగం తల్లి దగ్గరే కాపురం పెట్టి, మిగతావాటికి చోటిస్తోందన్నమాట. ఏటా నువ్విలాగే కొడితే ఇక్కడేముంటుంది?"

మావ తన వైపు పచ్చటి గుంపుకేసి తిరిగాడు. "తోటవుతుంది," అన్నాడు, గొంతు తగ్గించి. "అయ్యప్పని తీసుకెళ్లి తోటలో కూర్చోబెట్టినట్టే." స్ప్రేయర్ దించేశాడు. "మరి నా పిల్ల ఎక్కడిదే?"

"దూరంగా పడ్డ గింజ తప్పించుకుని ఉండొచ్చు. పళ్లు మింగిన హార్న్‌బిల్ పక్షులు ఎటు పోతాయి?"

"ఎటేంటి! కంచె దాటి నా తోటలో అత్తిచెట్టెక్కి రెట్టలేస్తాయి, వెధవలు."

అత్తిచెట్టు కింద, కాఫీ మొక్కల మధ్య దొరికింది. నడుమెత్తు మొక్క. కాండం నిండా కత్తిగాట్లు. కలుపనుకుని ఏటా మేమే నరికేస్తున్నాం, అది ఏటా చిగురేస్తోంది. మావ ఆకు నలిపి వాసన చూశాడు. నాకూ చూపించాడు. ధూపమే.

"తవ్వి లోపల నాటుదామా?" అన్నాను.

"పిచ్చా? ఆ తల్లి పక్కకా?"

"మరి అడవి చెట్టుదే కావాలిగా ధూపం?"

మావ కంచె దగ్గరికెళ్లి ఓ హద్దురాయిని ఊపి ఊపి పీకాడు. దాన్ని మోసుకొచ్చి, ఎర్రబడుతున్న కాఫీ వరసలు దాటి, ధూపం మొక్కకి ఇవతల పాతాడు.

"ఇప్పుడిది అడవే. నిలబడి చూస్తావేంటే, ఇంకో రాయి పట్టు. మీ అత్తకి మాత్రం నువ్వే చెప్పాలి."